డ్యూటీ గంటలు కంపెనీవి, మిగిలిన గంటలు ఎవరివి?

ఆదివారం సుట్టీ మనకు ఊరికే రాలేదు. బొంబాయి మిల్లుల్లో పొద్దు పొడవంగ లోపలికి పోయి, పొద్దుగూకినంక బయటికి వచ్చే రోజులు ఉండె. వారానికి ఒక సుట్టీ అన్న మాటే లేదు. జోతిబా ఫులే సత్యశోధక సమాజంలో పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే గారు 1884లో మిల్లు కార్మికులను కూడగట్టి, బొంబాయి మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ పెట్టిండ్రు. ఆదివారం సుట్టీ కావాలని, మధ్యాహ్నం అరగంట అన్నానికి విడవాలని కార్మికులతో సంతకాలు పెట్టించి సర్కారుకు ఇచ్చిండ్రు. ఆరేండ్లు కొట్లాడినంక, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సుట్టీకి ఒప్పుకున్నరు.

తర్వాత గంటల లెక్క. 1922లో వారానికి 60 గంటలకు మించి పని చేయించొద్దని చట్టం వచ్చింది. 1934లో అది 54 అయింది. 1946లో 48 అయింది. 1948 ఫ్యాక్టరీ చట్టం వచ్చినంక దినానికి 9 గంటలు, వారానికి 48 గంటలు, అంతకు మించితే డబల్ పగారు అని ఖాయం అయింది. 60 నుంచి 48కి దిగడానికి 24 ఏండ్లు పట్టింది. ఒక్కొక్క గంట కోసం మన పెద్దలు హర్తాళ్లు చేసిండ్రు, పస్తులు ఉన్నరు.

ఈ చరిత్ర ఇప్పుడు ఎందుకు అంటే, మన పోరగాండ్లు ఇయ్యాల దుబాయి, సౌదీ, ఖతర్, కువైట్ పోతున్నరు. అక్కడ ఆ గంటలనే తమంతట తామే అగ్గువకు అమ్ముకుంటున్నరు. వాళ్లు ఒక్కరే అమ్ముకుంటలేరు. ఇక్కడ ఇంట్ల కూసున్న మనం కూడ తెలియకుండ అమ్మిస్తున్నం. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మనం కూడ వలస వచ్చినోళ్లమే

షోలాపూర్‌ల, భివండీల, బొంబాయిల ఉన్న మన తెలుగోళ్లలో ఎక్కువ మంది తాతముత్తాతలు కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి మగ్గం పని వెతుక్కుంట వచ్చినోళ్లే. బొంబాయిల ఒక్క గదిల పది పన్నెండు మంది ఉండేటోళ్లు. మిల్లు మూడు పాళీలు నడిచేది. పొద్దున 7 నుంచి మూడున్నర దాక ఒక పాళీ, మూడున్నర నుంచి రాత్రి 12 దాక ఇంకొక పాళీ, 12 నుంచి పొద్దున 7 దాక రాత్రి పాళీ. మొదటి పాళీవాడు చాప మీద నుంచి లేస్తే రాత్రి పాళీవాడు అదే చాప మీద పడుకునేది. అన్నం ఖానావళిల. పెండ్లాం పిల్లలు ఊర్ల.

ఇప్పుడు దుబాయి క్యాంపుల రూము చూసినోళ్లు చెప్పేది వింటే అదే బొంబాయి గది కండ్ల ముందట కనపడుతది. కింద ఒకడు, మీద ఒకడు మంచాలు. గదికి ఆరుగురో ఎనిమిది మందో. వంటకు వంతులు, బాత్రూముకు వంతులు. దేశం మారింది గాని వలస బతుకు రూపం మారలేదు.

కాని ఒక్క తేడా ఉంది. బొంబాయిల మన తాతకు గది బయట గల్లీ ఉండె. గల్లీల భజన ఉండె, తాలీంఖానా ఉండె, గణపతి మండపం ఉండె, యూనియన్ ఆఫీసు ఉండె. బోంగా మోగి మిల్లు విడిస్తే మనిషి మనుషుల్ల కలిసేటోడు. క్యాంపుల ఉండే పోరనికి డ్యూటీ విడిస్తే మంచం, చేతుల ఫోను. అంతే. అందుకే డ్యూటీ విడిచినంక మిగిలే గంటల గురించి అప్పటికన్న ఇప్పుడు ఎక్కువ ఆలోచన చెయ్యాలె.

24 గంటల లెక్క

మా గల్లీ నుంచి బిల్డింగు పనికి పోయిన ఒక తమ్ముడు సుట్టీ మీద వచ్చినప్పుడు తన దినం లెక్క చెప్పిండు. నేను కాగితం మీద రాసుకున్న. మీరు కూడ చూడండ్రి.

పొద్దున 4కు లేస్తడు. బాత్రూము వంతు, చాయ్, టిఫిన్ డబ్బా కట్టుకునుడు, ఒక గంట. బస్సుల పోవుడు ఒక గంట, వచ్చుడు ఒక గంట, మొత్తం రెండు. డ్యూటీ 8 గంటలు, ఓవర్‌టైమ్ 2 గంటలు, మొత్తం పది. మధ్యల అన్నానికి ఒక గంట. రూముకు వచ్చినంక స్నానం, వంట, బట్టలు ఉతుకుడు రెండు గంటలు. నిద్ర ఆరు గంటలు.

కూడండ్రి. ఒకటి, రెండు, పది, ఒకటి, రెండు, ఆరు. 22 అయింది. మిగిలింది 2 గంటలు. ఆ రెండు గంటలల్లనే ఇంటికి ఫోను చెయ్యాలె, దోస్తులతో మాట్లాడాలె, రేషన్ తెచ్చుకోవాలె, జరం వస్తే దవాఖానకు పోవాలె. దేవుని తలుచుకోవాలన్న, నవ్వాలన్న ఆ రెండు గంటలల్లనే.

ఓవర్‌టైమ్ తీసేస్తే మిగిలేది నాలుగు గంటలు. అంటే ఓవర్‌టైమ్ ఆ మనిషి సొంత సమయంల సగం తింటున్నది. దినానికి రెండు గంటలే కదా అని మనకు అనిపిస్తది. వానికి ఉన్నదే నాలుగు గంటలు.

ఇంక కొందరు ఈ రెండు గంటలు కూడ నిద్రల నుంచి కోసుకుంటరు. రాత్రి 12 దాక ఫోన్ల వీడియోలు చూస్తరు. నాలుగు గంటల నిద్రతోటి ఎండల పరంజ మీదకు ఎక్కుతరు. అక్కడనే ప్రమాదం. మిల్లుల కూడ రాత్రి పాళీల తెల్లారగట్ల మూడు, నాలుగు మధ్యల చేతులు వేళ్లు పోయేది. నిద్ర లేనోని చేతికి మిషిను కనపడదు. మనకు ఇది ఎవరూ చెప్పే పని లేదు.

అక్కడి చట్టం ఏమంటున్నది

చానా మంది అనుకుంటరు, అరబ్బు దేశాలల్ల చట్టం లేదు, కఫీల్ ఏమంటే అదే అని. అది నిజం కాదు. చట్టం ఉంది. తెలుసుకొని పోయినోనికి అది పనికొస్తది.

దుబాయి, అబుదాబి, షార్జా ఉన్న ఎమిరేట్స్ దేశంల కొత్త కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి నడుస్తున్నది. దినానికి 8 గంటలు, వారానికి 48. ఓవర్‌టైమ్ దినానికి 2 గంటలు దాటొద్దు. మామూలు ఓవర్‌టైమ్‌కు గంట పగారు మీద 25 శాతం ఎక్కువ ఇయ్యాలె, రాత్రి 10 నుంచి పొద్దున 4 మధ్యల అయితే 50 శాతం ఎక్కువ. పాళీ మీద పని చేసేటోళ్లకు ఈ రాత్రి లెక్క వర్తించదు. వరుసగ 5 గంటలకన్న ఎక్కువ పని చేయించొద్దు, మధ్యల మొత్తం కలిపి ఒక గంట విశ్రాంతి ఇయ్యాలె. వారానికి కనీసం ఒక దినం సుట్టీ. ఏడాది నిండినంక ఏడాదికి 30 దినాల పగారు సుట్టీ.

సౌదీల కూడ దినానికి 8, వారానికి 48. అక్కడ ఓవర్‌టైమ్‌కు 50 శాతం ఎక్కువ. ఏడాదికి 21 దినాల సుట్టీ, అదే యజమాని దగ్గర అయిదేండ్లు నిండితే 30 దినాలు. ఖతర్‌ల మూడు వారాలు, అయిదేండ్లు నిండితే నాలుగు వారాలు. కువైట్‌ల 30 దినాలు.

ఎండకాలంల బయట ఎండల పని చేయించుడు ఈ దేశాలన్నిటిల బందు ఉంటది. ఎమిరేట్స్‌ల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు. సౌదీల అవే తారీఖులు, 12 నుంచి మూడు వరకు. ఖతర్‌ల జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాక పొద్దున 10 నుంచి మూడున్నర వరకు. కువైట్‌ల జూన్, జూలై, ఆగస్టు నెలలల్ల 11 నుంచి 4 వరకు. ఆ గంటలల్ల నీడకు కూసోవుడు దొంగతనం కాదు, హక్కు.

ఇండ్లల్ల పని చేసేటోళ్ల చట్టం వేరుగ ఉంటది. వంటకు, పిల్లలను చూసుకునేటందుకు పోయిన మన అక్కచెల్లెండ్లు ఇది గుర్తు పెట్టుకోవాలె. ఎమిరేట్స్‌ల ఇంటి పనివాళ్లకు దినానికి కనీసం 12 గంటల విశ్రాంతి, అందుల 8 గంటలు తెంపు లేకుండ ఇయ్యాలని, వారానికి ఒక దినం సుట్టీ ఇయ్యాలని చట్టం ఉంది.

చట్టం ఉన్న కాడల్ల న్యాయం నడుస్తదని నేను అంటలేను. మన షోలాపూర్‌ల, భివండీల సాంచాల మీద ఇప్పటికీ 12 గంటల పాళీ నడుస్తనే ఉంది. చట్టం కాగితం మీద ఉంది. కాని కాగితం మీద ఉన్నది తెలిసినోడు అడగగలుగుతడు, తెలియనోడు తల ఊపుతడు. తేడా అంతే, కాని అదే పెద్ద తేడా.

ఓవర్‌టైమ్‌కు వచ్చేది ఎంత

ఇప్పుడు పైసల లెక్క. ఎమిరేట్స్‌ల ఒకని బేసిక్ పగారు 1,000 దిర్హాములు అనుకుందాం. ఓవర్‌టైమ్ లెక్క బేసిక్ మీదనే కడతరు, రూము భత్యం, తిండి భత్యం మీద కాదు. 1,000ని 30 దినాలతోటి, మళ్ల 8 గంటలతోటి భాగిస్తే గంటకు 4 దిర్హాముల మీద కొంచెం. దాని మీద 25 శాతం కలిపితే గంటకు 5 దిర్హాముల 20 ఫిల్సులు. దినానికి రెండు గంటలు, నెలకు 26 దినాలు అంటే 52 గంటలు. మొత్తం 270 దిర్హాములు.

ఆ 270 చిన్న పైస కాదు. నేను ఓవర్‌టైమ్ వద్దే వద్దు అంటలేను. మిల్లుల డబల్ డ్యూటీ చేసి బిడ్డ పెండ్లి చేసినోళ్లు, కొడుకు ఫీజు కట్టినోళ్లు మనల్ల ఎంతమందో. అక్కరకు చేసే ఓవర్‌టైమ్ వేరు. పన్నెండు నెలలు, వారం సుట్టీ కూడ అమ్ముకొని, మూడేండ్లు చేసే ఓవర్‌టైమ్ వేరు. మొదటిది సంసారాన్ని నిలబెడుతది. రెండోది మనిషిని అరగదీస్తది. నడుము నొప్పి, షుగరు, బీపీ, నీళ్లు తాగక కిడ్నీల బాధ, ఇవన్ని తర్వాత లెక్కల వస్తయి. నలభై ఏండ్లకే ముసలోడై వచ్చినోనికి ఇక్కడ దవాఖాన ఖర్చు ఆ 270లను ఎన్ని నెలలవి మింగుతదో ఆలోచన చెయ్యండ్రి.

అందుకే ఒక్క సూత్రం పెట్టుకుంటే మంచిది. ఇంటి నెల ఖర్చు, చిట్టి, కిస్తీలు అన్నీ బేసిక్ పగారు మీదనే లెక్క కట్టుకోవాలె. ఓవర్‌టైమ్ పైస వస్తే అది మీద పైస, బ్యాంకుల పడాలె. ఇంటి బండి ఓవర్‌టైమ్ మీద నడిచిందంటే, ఇంక ఆ పోరడు ఒక్క దినం కూడ కాదని అనలేడు. కంపెనీల పని తగ్గి ఓవర్‌టైమ్ బందు అయిన నెల ఇంట్ల పొయ్యి మీదకు కష్టం వస్తది.

అప్పుతోటి పోయినోనికి సుట్టీ లేదు

ఓవర్‌టైమ్‌కు అన్నిటికన్న పెద్ద కారణం అప్పు. ఏజెంటుకు లక్ష, లక్షన్నర ఇచ్చి, అది మిత్తికి తెచ్చి పోయినోడు మొదటి ఏడాది అంత తన కోసం పని చెయ్యడు, మిత్తి కోసం పని చేస్తడు. వానికి వారం సుట్టీ అంటేనే భయం. ఆ దినం కూడ మిత్తి నడుస్తది కదా.

మన సర్కారు నియమం ప్రకారం రిజిస్టర్ అయిన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకన్న ఎక్కువ సర్వీసు చార్జి తీసుకోవద్దు. రశీదు ఇయ్యాలె. పదో తరగతి పాసు కానోళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటది. వాళ్లు ఈ దేశాలకు పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్‌ల నమోదు అయ్యి, ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకొని పోవాలె. మన మహారాష్ట్రోళ్లకు దాని ఆఫీసు ముంబైల ఉంది. ఇట్ల పోయేటోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా కూడ ఉంటది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంల ప్రాణం పోయినా, అవిటితనం వచ్చినా 10 లక్షల దాక బీమా.

ఈ దారి విడిచిపెట్టి విజిట్ వీసా మీద పోయి పని చేసినోనికి, కంపెనీ విడిచి కల్లివెల్లి అయినోనికి ఏ గంటల లెక్కా లేదు. వాడు ఎవరి దగ్గరికి పోయి సుట్టీ అడగాలె? పోలీసుకు భయపడి రూముల దాక్కుంటడు. పనికి, బతుకుకు మధ్య గీత గీసుకునే హక్కు సరైన కాగితాలతోటి మొదలయితది. ఆ గీత ఇక్కడనే, విమానం ఎక్కకముందే పడుతది.

ఒప్పందం కాగితంల బేసిక్ ఎంత, డ్యూటీ గంటలు ఎన్ని, వారం సుట్టీ ఏ దినం, ఏడాది సుట్టీ ఎన్ని దినాలు, టికెట్ ఎవరిది అని అయిదు మాటలు చదివించుకొని సంతకం పెట్టాలె. చదువు రానోళ్లు ఇంట్ల చదువుకున్న బిడ్డతోటి చదివించుకోండ్రి. దాని ఒక నకలు ఇంట్ల పెట్టి పోవాలె. పాస్‌పోర్టు కంపెనీవాడు దాచిపెట్టుకునుడు ఎమిరేట్స్ చట్టంల తప్పు. కష్టం వస్తే దుబాయిల మన భారత సర్కారు నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. అక్కడి నుంచి 80046342కు ఫోను చేస్తే పైసలు పడవు.

ఇంటి దిక్కు నుంచి చెయ్యవలసింది

ఇప్పుడు మన వంతు. కొంచెం కోపం వచ్చినా వినండ్రి.

పోరడు ఫోను చేస్తడు. మనం ఏమి అడుగుతం? "పగారు పడ్డదా? ఎప్పుడు పంపుతవు? చిన్నబ్బాయి పెండ్లికి తులం పెట్టాలె. పక్కింటోళ్లు స్లాబ్ ఏసిండ్రు, మనం ఎప్పుడు ఏస్తం?" పది నిమిషాల ఫోన్ల తొమ్మిది నిమిషాలు పైసల ముచ్చటే. ఫోను పెట్టేసినంక వాడు ఫోర్‌మన్ దగ్గరికి పోయి "సార్, శుక్రవారం కూడ డ్యూటీ ఉంటే ఇయ్యండి" అంటడు. వాని సుట్టీని కంపెనీ గుంజుకోలేదు. మన ఫోను గుంజుకున్నది.

ఫోను ఎప్పుడు చేస్తున్నమో కూడ చూసుకోవాలె. ఎమిరేట్స్ టైము మనకన్న గంటన్నర వెనక. సౌదీ, ఖతర్, కువైట్ రెండున్నర గంటలు వెనక. మనం పొద్దున ఆరింటికి చాయ్ తాగుకుంట ఫోను చేస్తే దుబాయిల నాలుగున్నర, సౌదీల మూడున్నర. వాని ఆరు గంటల నిద్రల మనం చెయ్యి పెట్టినట్టే. రాత్రి తొమ్మిదిన్నరకు చేస్తే దుబాయిల ఎనిమిది, సౌదీల ఏడు. అప్పటికి వాడు అన్నం తిని కూసుంటడు. ఒక టైము ఖాయం చేసుకోండ్రి. మిగిలిన టైంల మిస్‌డ్ కాల్ కొట్టుడు, "ఎందుకు ఎత్తలేదు" అని కొట్లాడుడు బందు పెట్టండ్రి. చేతుల డ్రిల్లు మిషిను పట్టుకున్నోడు ఫోను ఎట్ల ఎత్తుతడు?

కష్టం దాచమని కూడ నేను చెప్తలేను. అవ్వకు బాగలేకపోతే చెప్పాలె. కాని ప్రతి చిన్న దానికి, అత్తాకోడండ్ల మాటకు, గల్లీ పంచాయితికి వాన్ని గుంజొద్దు. వెయ్యి మైళ్ల దూరంల ఉన్నోడు ఏమి చేస్తడు? రాత్రంత దొర్లుతడు, పొద్దున పనికి పోతడు.

ఒక మాట అడిగి చూడండ్రి: "ఈ వారం సుట్టీ తీసుకున్నవా? ఏమి వండుకున్నవు? ఎవరెవరు తిన్నరు?" ఇంటోళ్లే సుట్టీ గురించి అడిగితే వానికి సుట్టీ తీసుకునుడు పాపం అనిపియ్యదు.

ఇంట్ల ఉన్న ఆమె గంటలు

సమయం లెక్క దుబాయి పోయినోనికే కాదు. ఇంట్ల ఉన్న వాని పెండ్లాం లెక్క కూడ చూడాలె. షోలాపూర్‌ల మన ఆడోళ్లల్ల ఎంతమంది బీడీలు చుడుతున్నరో మీకు తెలుసు. ఆకు కత్తిరించాలె, వెయ్యి చుట్టాలె, కట్టలు కట్టి కార్ఖానాకు ఇచ్చి రావాలె. దాని మీద నీళ్లు, వంట, పిల్లల బడి, అత్తమామల మందులు. మొగడు ఇంట్ల ఉన్నప్పుడు బజారు పని, బ్యాంకు పని, బిల్లుల పని వాడు చేసేది. ఇప్పుడు అది కూడ ఆమె మీదనే. ఆమెకు బోంగా మోగదు, పాళీ విడువదు.

ఇంట్ల మిగిలిన మొగోళ్లు, మరిది గాని మామ గాని, ఆ బయటి పని పంచుకోవాలె. ఆమెకు వారానికి ఒక పూట ఖాళీ దొరకాలె. పైస వచ్చినప్పుడు దాని లెక్క ఆమెకు కూడ తెలియాలె. లేకపోతే అక్కడ ఆయన, ఇక్కడ ఆమె, ఇద్దరు రెండు దిక్కుల అరిగిపోతరు.

అక్కడ ఉన్న తమ్ముండ్లకు

మీకు ఎక్కువ చెప్పే అర్హత నాకు లేదు, ఆ ఎండ నేను చూడలేదు. కాని మిల్లు బతుకు చూసిన. రిటైరు అయినంక మంచిగ ఉన్నోళ్లను, చెడిపోయినోళ్లను చూసిన. దాన్ని బట్టి నాలుగు మాటలు.

వారం సుట్టీ దినం పొద్దంత పడుకొని పాడు చెయ్యొద్దు. పొద్దున ఒక రెండు గంటలు ఎక్కువ పడుకోండ్రి, తర్వాత లేవండ్రి. రూములో అందరు కలిసి ఒక్క పూట వండుకోండ్రి. ఒక్కడే డబ్బా తెరిచి తినే అన్నం వేరు, నలుగురు కూసొని తినే అన్నం వేరు. బొంబాయి ఖానావళిల మన పెద్దలు బతికింది ఆ నలుగురితోటే.

మనోళ్లు ఎక్కడున్నా పండుగ విడువలేదు. గల్ఫ్‌ల కూడ తెలంగాణోళ్లు బతుకమ్మ ఆడుతున్నరు. షోలాపూర్‌ల రాఖీ పున్నమి నాడు మార్కండేయ రథం ఎట్ల నడుస్తదో మీకు గుర్తు ఉంటది. ఆ దినం ఎక్కడున్నా జంధ్యం మార్చుకొని ఇంటికి ఒక్క వీడియో కాల్ చేసినా ఆ మనసు వేరే ఉంటది. సంఘం ఉన్న కాడ పేరు రాయించుకోండ్రి. కష్టం వచ్చిన దినం ఆ నలుగురే వస్తరు.

ఆ మిగిలిన గంటలల్ల దినానికి అరగంట ఏదన్న నేర్చుకోండ్రి. ఏసీ పని, ఎలక్ట్రిక్ పని, డ్రైవింగు, నాలుగు ఇంగ్లిషు మాటలు, నాలుగు అరబ్బీ మాటలు. రెండు గంటల ఓవర్‌టైమ్ ఆ నెల పైస ఇస్తది. నేర్చిన పని బేసిక్ పగారునే పెంచుతది. మిల్లుల కూడ ఖాతాల ఊకనే డబల్ పాళీలు కొట్టినోనికన్న, జాబరు పక్కన నిలబడి మిషిను విప్పుడు నేర్చినోడే ముందుకు పోయిండు.

నీళ్లు తాగండ్రి. నిద్ర అమ్ముకోవద్దు. తాగుడు జోలికి పోవద్దు. ఒంటరితనానికి సారా మందు కాదని మన చాళ్లల్ల చానా మంది బతుకులు చెప్పినయి. మనసు బాగలేకపోతే రూములో ఒక్కనికైనా చెప్పండ్రి.

సుట్టీ మీద వచ్చినప్పుడు

ఏడాదికో రెండేండ్లకో ఒక నెల సుట్టీ మీద వస్తరు. ఆ నెలల మనం ఏమి చేస్తం? చుట్టాల ఇండ్లకు తిప్పుతం. తెచ్చిన సబ్బులు, సెంటు సీసాలు పంచుతం. పెండ్లిచూపులు, భూమి పంచాయితి, ఇల్లు మరమ్మతు అన్ని ఆ నెలలనే పెడతం. వాడు మళ్ల విమానం ఎక్కేటప్పటికి వచ్చినప్పటికన్న ఎక్కువ అలిసిపోయి ఉంటడు.

చిన్నపిల్లలు తండ్రిని ఫోన్ల చూసుడే గాని పక్కన కూసొని చూడలేదు. మొదటి వారం దగ్గరికి రారు. రెండో వారం వస్తరు. మూడో వారం మెడ విడువరు. నాలుగో వారం నాయన పోతడు. ఆ నాలుగు వారాలల్ల మొదటి రెండు వారాలు బయటి పనులేవీ పెట్టొద్దు. చుట్టాలు వస్తరు, పోతరు. బిడ్డకు నాయన అలవాటు అయ్యేది ఆ దినాలల్లనే.

ఈ నెల ఇంట్ల ఎవరన్న బయట దేశంల ఉంటే ఒక్క పని చెయ్యండ్రి. నోటుబుక్కుల ఒక కాగితం తీసి, వాని 24 గంటలు వానితోనే అడిగి రాయండ్రి. డ్యూటీ ఎంత, బస్సు ఎంత, నిద్ర ఎంత, మిగిలింది ఎంత. రాసినంక ఆ మిగిలిన దాని కింద ఒక గీత గీసి, గోడకు కేలండర్ పక్కన పెట్టుకోండ్రి. ఏదన్న కొత్త ఖర్చు అనుకున్నప్పుడు ఒక్కసారి ఆ కాగితం దిక్కు చూడండ్రి.